కథ జరుగు చోటు

సినిమా చూచి వచ్చిన పిల్లలను "కథ యేమి?" అని అడిగినచో వెంటనే చెప్పుదురు. "ఎవరెవరు నటించిరి?" అని అడిగినచో ఇంకను వేగముగా చెప్పుదురు. "అది ఎక్కడ జరిగినది?" అని అడిగినచో మాత్రము తడబడుదురు. "ఒక ఊరిలో" అని ఊరకుందురు. ఆ ఊరికి నీరు ఎచటినుండి వచ్చును, అచటివారు ఏమి పండింతురు, ఏమి తిందురు, కోపము వచ్చినపుడు ఏ మాటలతో తిట్టుకొందురు అను ప్రశ్నలకు సమాధానము రాదు. ఇది పిల్లల దోషము కాదు. ఆ చిత్రమును తీసినవారే ఆ సంగతి ఆలోచింపకపోవుట పెక్కుసార్లు దీనికి కారణము.

చోటు అనునది కథకు వెనుక వ్రేలాడదీసిన రంగుల తెర కాదనియు, కథను నడపు చేతులలో అదియు నొకటి యనియు మా అభిప్రాయము. ఈ సంగతి అందరికిని అవసరమైనదే కాని, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు చదువుకొనుచున్న మనకు మరింత అవసరమైనది. ఏల యనగా మన నేల సినిమాలలో కనిపించుట అరుదు. కనిపించినను తన పేరుతో కనిపించుట మరియు అరుదు. ముందు విషయమును విచారించి, పిదప మన సంగతికి వచ్చెదము.

మన పూర్వులు ఈ విషయమును ఎరుగనివారు కారు. నాయికానాయకులను ఆలంబన విభావములనియు, వెన్నెల, ఉద్యానము, చల్లగాలి మొదలగువానిని ఉద్దీపన విభావములనియు ఆలంకారికులు చెప్పిరి. భావము మనుష్యులను ఆశ్రయించి పుట్టును. దానిని రగుల్చునది చోటు, కాలము. ఇంతకంటె క్లుప్తముగా ఈ సంగతిని చెప్పుట కష్టము. కాని మన ప్రబంధకవులలో పలువురు ఈ సూత్రమును ఒక జాబితాగా మార్చిరి. పురము, సముద్రము, పర్వతము, ఋతువు, చంద్రోదయము అని పదునెనిమిది వర్ణనలు లెక్కకు కావలెను గనుక వ్రాసిరి. ఒక కావ్యములోని పురవర్ణనను తీసి మరియొక కావ్యములో పెట్టినను పెక్కుచోట్ల అతుకు కనబడదు. వర్ణన యున్నది, ఊరు లేదు. నేటి సినిమాలలో కథకు సంబంధము లేని మంచుకొండలమీద పాట పాడుట ఈ పాత అలవాటునకు క్రొత్త రూపమే యని మాకు తోచుచున్నది.

వీధినాటకమువారి పద్ధతి వేరు. వారికి తెర తక్క మరేమియు లేదు. పాత్రధారి రంగముమీద రెండు చుట్లు తిరిగి "ఇదిగో ద్వారకకు వచ్చితిమి" అన్నచో అది ద్వారకయే. చూచువారు తమ మనస్సులో మేడలు కట్టుకొందురు. కెమెరాకు ఈ సౌకర్యము లేదు. అది తన ముందున్నదానినంతయు పట్టుకొనును. రాజుగారి వెనుక చింతచెట్టున్నచో చింతచెట్టును చూపును, విద్యుత్తు స్తంభమున్నచో స్తంభమును చూపును. అందుచేత సినిమాలో చూపినదంతయు చెప్పినట్లే యగును. దర్శకుడు చోటును గూర్చి ఆలోచింపకున్నను చోటు మాటాడుచునే యుండును. అపుడది అసందర్భముగా మాటాడును.

చోటు కథను నడపుట యనగా నేమో ఒక ఉదాహరణముతో చూచెదము. బి. ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి" 1951లో వచ్చినది. బావ నాగరాజుతో కలిసి వచ్చుచున్న మల్లీశ్వరి వానకు చిక్కి, దారిలోని పాడుపడిన మంటపములో తలదాచుకొనును. మారువేషములలో నున్న కృష్ణదేవరాయలును, పెద్దనయు అదే వానకు అదే చోటికి చేరుదురు. ఆమె నాట్యమును చూతురు. నాగరాజు పరిహాసమునకు పల్లకి పంపుమని కోరును. పల్లకి నిజముగానే వచ్చును. ఆమె రాణివాసమునకు పోవలసివచ్చును. ఇచట వాన యొక శత్రువు చేసిన పని కాదు. మంటపము ఎవరి కుట్రయు కాదు. కాని ఆ రెండును లేనిచో రాజును పల్లెపడుచును ఒకచోట నిలువరు, కథయే లేదు. తెరపి బయట మొదలైన ప్రేమ గోడల నడుమ చిక్కుకొనుటయే ఆ చిత్రములోని దుఃఖము. ఆ దుఃఖమును సంభాషణలకంటె ముందుగా మంటపమును, అంతఃపురమును చెప్పుచున్నవి.

ఆదుర్తి సుబ్బారావుగారి "మూగమనసులు" 1964లో వచ్చినది. అందు గోపి పడవ నడుపువాడు. రాధ కలవారి బిడ్డ. నేలమీద వారిరువురు పక్కపక్కన కూర్చుండు అవకాశము లేదు. అతని తావు వేరు, ఆమె తావు వేరు. గోదావరి నడుమనుండుటచేత ఆమె చదువునకు పోవలెనన్నచో ప్రతిదినమును పడవ యెక్కవలెను. ఆ పడవలో మాత్రము వారిద్దరికిని మాట కలియును. రెండు గట్లను విడదీయు నదియే ఆ రెండు బ్రతుకులను కలుపుచున్నది; తుదకు ఆ నదియే వారిని మింగుచున్నది. ఆ కథను గోదావరి లేని ఊరికి మార్చి చూడుడు. రాధ యెద్దుబండిమీద పోవచ్చును, గోపి బండి తోలవచ్చును. కాని ఏదో పోవును. ఏమి పోయినదో ఆలోచించినవానికి చోటు కథలో చేయు పని తెలియును.

మూడవ ఉదాహరణము మనకు రెండు విధముల దగ్గరిది. "సంస్కార" అను కన్నడ చిత్రము 1970లో తయారైనది. యు. ఆర్. అనంతమూర్తిగారి నవల దానికి మూలము. దర్శకుడు తిక్కవరపు పట్టాభిరామరెడ్డిగారు. నెల్లూరువారు, తెలుగు కవి, "ఫిడేలు రాగాల డజన్" వ్రాసినవారు. ఒక అగ్రహారములో ఆచారము తప్పిన బ్రాహ్మణుడు మరణించును. వానికి దహనము చేయదగినవారెవరో తేలదు. శవము ఊరిలోనుండగా ఏ యింటను పొయ్యి రాజుకొనగూడదు, ఎవరును భుజింపగూడదు. ఒక ధర్మసందేహము గంట గంటకు ఆకలిగా మారుచున్నది. ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొనియున్న ఆ వీధియే కథకు ఉచ్చు. అదే మరణము పెద్ద పట్టణములో సంభవించినచో కథ అర పుటలో ముగియును. మొదట సెన్సారు వారి నిషేధమునకు గురియైన ఆ చిత్రమునకు పిదప ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమానము లభించినది. పరభాషవాడని ఎవరైన అనదగిన యొక తెలుగు కవి కన్నడ అగ్రహారమును అంత నిశితముగా చూడగలిగెననుట మనము మరువరానిది. చోటును తెలిసికొనుటకు పుట్టుక యొక్కటే దారి కాదు. శ్రద్ధ మరియొక దారి.

ఈ మాటకు బలముగా ఇంకొక చిత్రమును చెప్పవచ్చును. వంగదేశీయుడైన మృణాళ్ సేన్‌గారు 1977లో "ఒక ఊరి కథ" అను తెలుగు చిత్రమును తీసిరి. ప్రేమ్‌చందుగారి "కఫన్" అను హిందీ కథ దానికి ఆధారము. ఉత్తరదేశపు పల్లెను విడిచి కథ తెలంగాణమునకు వచ్చినది. అందు ముఖ్యపాత్ర వహించిన వాసుదేవరావుగారు "చోమన దుడి" అను కన్నడ చిత్రములో నటించి పేరు పొందినవారు. మూలము హిందీ, దర్శకుడు బెంగాలీ, నటుడు కన్నడము, మాట తెలుగు. ఇన్ని చేతులు మారినను కథ చెడలేదు. ఏల చెడలేదు? ఎంత పనిచేసినను తన కడుపు నిండదని తెలిసికొన్న కూలివాడు పనిచేయుటయే మానివేయుట ఆ కథకు ప్రాణము. అట్టి భూస్వామ్యము అచటను ఉండెను, ఇచటను ఉండెను. చెట్లు మారినను నేల మీది న్యాయము మారలేదు. కనుక చోటు అనగా చెట్లు, కొండలు మాత్రమే కాదని తెలియుచున్నది. భూమి ఎవరిది, నీరు ఎవరిది, ఎవరు కూర్చుందురు, ఎవరు నిలుచుందురు అనునదియు చోటులోనిదే.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. "చోటు అంత ముఖ్యమైనచో 'మాయాబజారు' మాట యేమి? అందులో ఉన్నదంతయు స్టూడియోలో కట్టినదే గదా!" అని అడుగువారుందురు. ఆక్షేపము సరియైనదే, సమాధానము కూడ అందులోనే కలదు. కె. వి. రెడ్డిగారి ఆ చిత్రము 1957లో విడుదలయైనది. గోఖలే, కళాధర్ గార్లు ద్వారకను కట్టిరి. మార్కస్ బార్ట్లే గారి ఛాయాగ్రహణము వెన్నెలను కల్పించినది. చోటు కల్పితమైనను అబద్ధము కాదు. దానికి తనదైన నియమము కలదు. అంతకంటె విశేషమేమనగా, ఆ కథలో ఘటోత్కచుడే కౌరవుల విడిదికై లేని ఊరిని సృష్టించుచున్నాడు. కట్టిన ఊరు మోసము చేయుటయే ఆ కథ! సెట్టు వేయుటను గూర్చి ఇంత చమత్కారముగా చెప్పిన చిత్రము మరియొకటి అరుదు. 2018 నాటి "రంగస్థలము"లోని గోదావరి పల్లెయు చాలవరకు కట్టినదే. ఐనను అందు గట్లకు, అరుగులకు, గడ్డివాములకు కథతో పని కలదు. కనుక మా వాదము బయట తీయవలెనని కాదు, లోపల తీయవలెనని కాదు. తీసినవానికి ఆ చోటు తెలిసియుండవలెనని మాత్రమే.

తెలిసికొనుట సులభము కాదు. సత్యజిత్ రాయ్‌గారు "పథేర్ పాంచాలి"ని 1952లో మొదలిడి 1955లో ముగించిరి. కలకత్తా చెంతనున్న బొరాల్ అను పల్లెలో చాలభాగము తీసిరి. అక్కాతమ్ములైన పిల్లలిరువురు తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూచు ఘట్టము జగద్విఖ్యాతము. ఆ రెల్లుచేనిలో కొంత తీసి, కొన్నాళ్లకు తిరిగి పోయి చూచునప్పటికి పశువులు పూలనన్నిటిని మేసి పోయినవట. మరల పూచువరకు వేచియుండవలసి వచ్చినది. ఈ సంగతి నవ్వు పుట్టించును గాని ఇందులో ఒక నీతి కలదు. నిజమైన చోటునకు ఋతువులున్నవి, పశువులున్నవి, దాని పనులు దానికున్నవి. అది మన ఆజ్ఞకు లోబడదు. దానికొరకు వేచినవానికే అది దొరకును.

ఇక చోటును చెరచు పద్ధతులు రెండు. ఒకటి, దానిని పటమువలె అందముగా చూపి ఊరకుండుట. కొబ్బరితోటలు, కాలువలు, పచ్చని వరిచేలు తెరమీద కనబడినంతనే పల్లెయని గుర్తింపవలెను! ఆ పల్లెలో ఎవనికి ఎంత భూమి కలదో, ఎండకాలములో ఎవరు వలసపోవుదురో తెలియదు. రెండవది, ఒక ప్రదేశమునకు ఒక్క ముద్ర వేయుట. 1999 నాటి "సమరసింహారెడ్డి" విజయము పొందిన తరువాత రాయలసీమ యనగా బాంబులు, వేటకొడవళ్లు, వరుసగా పోవు జీపులు అను భావము తెలుగు సినిమాలలో స్థిరపడినది. కక్షలు లేవని మేము చెప్పుట లేదు. కాని పెన్న ఒడ్డున వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచు రైతు, బావి ఎండి బెంగుళూరు చేరిన కుటుంబము, హరికథకై రాత్రియంతయు మేలుకొన్న ఊరు, ఇవన్నియు ఆ పొగలో కనిపింపక పోయినవి. మన హద్దునకు ఆవలనున్న హిందూపురము, మడకశిర ప్రాంతములకు, అనగా 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా సీమకు, తగిలిన ఈ ముద్ర ఈవలనున్న మనకును తగులుచున్నది. ఏల యనగా మన నేలయు అదే, మన మాటయు ఇంచుమించు అదే.

మాట యన్నాము గనుక దానిని గూర్చి యొక సంగతి చెప్పవలెను. చోటులో భాష కూడ నొక భాగము. తెలుగు సినిమాలలో నాయకుడు మాటాడునది చాలకాలము కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతముల తెలుగు. సీమ తెలుగు ప్రతినాయకునికో, హాస్యగానికో దక్కెను. ఇక మన తెలుగు మాట యేమి? ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో ఒకే వాక్యములో రెండును. ఈ మాట వినబడినచో కొందరు ఇది చెడిన తెలుగనియు, కొందరు ఇది చెడిన కన్నడమనియు అందురు. మేము అట్లు తలపము. రెండు భాషలు కలిసి వందల సంవత్సరములు కాపురము చేసిన చోట మాట ఇట్లే యుండును. కైవారము నారేయణ యతీంద్రులు తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిరి. వినువారికి అది వింతగా తోచలేదు. ఈ చోటి కథను సినిమాగా తీయువాడు ఈ మాటను దిద్దినచో మనుష్యులను తీసివేసినంత పనియగును.

మన కొండలు సినిమాలో కనిపింపలేదని కాదు. మన గుట్టలవంటి రాతిగుట్టలే యున్న రామనగరములో "షోలే" చిత్రమును తీసిరి. అది 1975లో విడుదలయైనది. తెరమీద అది రామ్‌గఢ్ అను ఉత్తరదేశపు పల్లె. 1984లో వచ్చిన "ఎ పాసేజ్ టు ఇండియా" అను ఇంగ్లీషు చిత్రములోని గుహలు కథ ప్రకారము బీహారు సీమవి. తీసినది బెంగుళూరు చుట్టుపట్ల రాతికొండలలో. సినిమావారు ఒక చోటును మరియొక చోటుగా చూపుట తప్పు కాదు. "పుష్ప"లో శేషాచలపు కథకు మారేడుమిల్లి అడవులు నిలువలేదా? కాని ఒక నేల ఎల్లప్పుడును ఇతరుల కథలకు నేలగా మాత్రమే నిలిచి, తన పేరుతో ఒక్క కథయైనను చెప్పుకొనకున్నచో, ఆ నేలమీది పిల్లలు ఏమనుకొందురు? "కథలు వేరేచోట్ల జరుగును, ఇచట ఏమియు జరుగదు" అనుకొందురు. మాకు భయము కలిగించుచున్న సంగతి ఇది.

తల్లిదండ్రులు ఈ మాటను తేలికగా తీసికొనవలదని మా ప్రార్థన. మన పిల్లలు తెలుగు పుస్తకములో కృష్ణాతీరమును చదువుచున్నారు. కన్నడ పుస్తకములో మలెనాడును చదువుచున్నారు. తెరమీద హైదరాబాదును, విదేశములను చూచుచున్నారు. ఇంటినుండి బడికి నడచు దారి ఏ పుటలోను లేదు, ఏ తెరమీదను లేదు. కనబడనిది విలువ లేనిదని నమ్ముట పిల్లలకు సహజము. ముందు ఊరు విలువ లేనిదగును, పిదప ఊరిమాట విలువ లేనిదగును, తరువాత ఇంటివారి బ్రతుకే చెప్పుకొనదగనిదగును. తన తల్లి మాటాడు తీరుకు సిగ్గుపడు పిల్లవాడు ఎన్ని భాషలు నేర్చినను మనస్సు విప్పి దేనిలోను వ్రాయలేడు. మాతృభాషలో చదువు చెప్పించుటకు మనము పడుచున్న ప్రయాస యంతయు ఇచట వ్యర్థము కాగలదు.

నిజముగా ఇచట ఏమియు జరుగలేదా? ఉత్తరపినాకిని నందికొండల సీమలో పుట్టి మన గౌరిబిదనూరు మీదుగా పోవుచున్నది. సంవత్సరములో చాలనాళ్లు అది ఇసుకయే. ఐనను దాని దారి పెద్దది. అదే నది పెన్న యను పేరుతో తాడిపత్రి ప్రక్కగా పోవును. "మాయాబజారు" తీసిన కె. వి. రెడ్డిగారి ఊరు తాడిపత్రి. అది నెల్లూరు దాటి సముద్రమున కలియును. "సంస్కార" తీసిన పట్టాభిగారి ఊరు నెల్లూరు. ఒకే నది మూడు ఊళ్లను తాకినది. రెండు ఊళ్లు సినిమాకు దర్శకుల నిచ్చినవి. మూడవ ఊరికి వంతు రాకుండుటకు కారణమేదియు మాకు కనబడదు.

మన ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరములోని విదురాశ్వత్థములో 1938 ఏప్రిల్ 25వ తేదీన జాతీయపతాకమునకై కూడిన జనముమీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి. ఆ కథను ఏదో యొక మైదానములో, ఎవరో కొందరు జెండాలు పట్టుకొని పరుగెత్తగా తీయవచ్చును. అట్లు కాక, అశ్వత్థము నీడను, దానిచుట్టునున్న నాగశిలలను, ఎండిన ఏటి ఇసుకను, కొద్దిదూరములో సంస్థానపు హద్దు ముగిసి ఇంగ్లీషువారి సీమ మొదలగుటను ఎరిగినవాడు తీసినచో ఎట్లుండును? బిడ్డల క్షేమమునకు నాగప్రతిష్ఠ చేయు చోట బిడ్డలు నేలకొరిగిరని చెప్పుటకు ఒక్క మాటయు అక్కరలేదు; రాళ్లను చూపిన చాలును.

హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు బాలుడుగా చదువుకై బెంగుళూరికి నడచి పోయిరి. పిదప నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాలై, బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైరి. ఈ కథలో చోటు ఏది? దారియే. ఏ చెట్టు క్రింద కూర్చుండెనో, ఏ ఊరి బావిలో నీరు త్రాగెనో, ఎచట చీకటి పడెనో చూపినచో చదువు విలువను గూర్చి ఉపన్యాసము అవసరము లేదు. మరియొకటి. మన చెంతనే 1965 నుండి భూమియదురును కనిపెట్టు యంత్రములు గలవు. దూరదేశములలో భూకంపము వచ్చినను, భూమిలోపల అణుపరీక్ష జరిగినను వానికి తెలియును. మన నేల గట్టి రాతినేల. సద్దు లేని చోటు. "ఇచట ఏమియు జరుగదు" అని మన పిల్లలు ఏ చోటును గూర్చి అనుచున్నారో, ఆ చోటు ప్రపంచపు గుండెచప్పుడును వినుచున్నది!

ధనము లేనిదే సినిమా లేదు గదా యని కొందరనవచ్చును. ఆ మాట నేడు పూర్వమంత నిజము కాదు. 2015లో రామ్ రెడ్డిగారు "తిథి" అను కన్నడ చిత్రమును మండ్య జిల్లాలోని పల్లెలో ఆ ఊరివారితోనే నటింపజేసి తీసిరి. అది పరదేశములలోను మన్నన పొందినది. 2018లో "కేరాఫ్ కంచరపాలెం" విశాఖపట్టణపు ఒక పేటను ఆ పేటవారితోనే చూపినది. మనకు అన్నిటికంటె దగ్గరిది 2021లో వచ్చిన "సినిమా బండి". ప్రవీణ్ కండ్రేగుల గారు దర్శకులు. ఆంధ్ర కర్ణాటకముల హద్దునందలి యొక పల్లెలో ఆటో నడుపువానికి ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరకును. పెండ్లిండ్లకు ఫోటోలు తీయువానిని తోడు చేసికొని, ఊరివారితో సినిమా తీయుటకు పూనుకొనును. సినిమా యనగా తాము చూచిన సినిమాలవలె నుండవలెనని వారనుకొందురు. కాని కెమెరా వారి ఊరినే పట్టుకొనుచుండును. నవ్వు అచట పుట్టుచున్నది. విలువయు అచటనే పుట్టుచున్నది. మన చెవికి పరిచయమైన తెలుగు అందు హాస్యగానికి మాత్రమే కాక ఊరందరికిని దక్కినది.

విద్యార్థులారా, సినిమా చూడవద్దని మేము చెప్పము. చెప్పినను మీరు వినరు. చూచునపుడు ఐదు ప్రశ్నలు మాత్రము వేసికొనుడు. ఈ ఊరికి నీరెచటిది? ఇచటివారు ఏ పనిచేసి బ్రతుకుచున్నారు? ఒకచోటినుండి మరియొక చోటికి ఎట్లు పోవుదురు? ఇది ఏ ఋతువు? వీరి మాట ఎచటిది? సమాధానము దొరికినచో తీసినవాడు శ్రద్ధ గలవాడు. దొరకనిచో నటులు ఎంత గొప్పవారైనను కథ గాలిలో నున్నది. పిమ్మట ఆరవ ప్రశ్న వేయుడు: ఈ కథను మా ఊరికి తెచ్చినచో ఏమి మారును? ఏదియు మారనిచో ఆ కథకు చోటు లేదు. అంతయు చెడిపోయినచో చోటు దానికి ప్రాణము. కొంత మారి కొంత నిలిచినచో, నిలిచినది ఏదో కనుగొనుడు. అది ఆ కథకు ఎముక.

ఆ ప్రశ్నలనే మీ ఊరిని గూర్చియు వేసికొనుడు. చెరువు నిండి ఎన్నేండ్లయినది? బోరుబావి ఎన్ని అడుగులు దిగినది? పట్టుపురుగులకు మల్బరాకు వేయువేళ ఇంటిలో ఏ సద్దు వినబడును? చింతపండు కొట్టు దినములలో వీధి ఎట్లుండును? గుంతకల్లు రైలులో హిందూపురము దాటగానే మాటలో ఏ మార్పు వచ్చును? వీనికి సమాధానములు పెద్దలవద్ద నున్నవి. తల్లిదండ్రులు రోజునకు ఒక పావుగంట ఈ మాటలకు కేటాయించినచో అది ట్యూషనుకంటె తక్కువ ఫలమీయదు.

రాబోవు సంచికకు విద్యార్థులు ఒక్కొక్క పుట వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. కథ వ్రాయనక్కరలేదు. కథ జరుగదగిన ఒక్క చోటును, మీ ఊరిలోనిదానిని, అందలి పనితోను మాటతోను వ్రాసిన చాలును. "అందమైన పచ్చని పొలములు" అను మాటను మాత్రము వాడవలదు. మన పొలములు పచ్చగానుండు నెలలు కొన్నియే. మిగిలిన నెలలలో అవి ఏ రంగులో నుండునో చూచి వ్రాయుడు.